ప్రీ-మెడ్ చదువు: ఎంత బరువు ఎత్తుకోవాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఈసారి కలిపి తీసుకుంటున్నాను. అమెరికాలో డాక్టరు కావాలనుకునే పిల్లలు మెడికల్ స్కూల్లో చేరడానికి ముందు నాలుగేళ్ళ డిగ్రీ చదవాలి. వాడుకలో దానినే ‘ప్రీ-మెడ్’ అంటున్నాం. నాలుగు ఉత్తరాలూ ఆ చదువు బరువు గురించే. రాసినవారి పేర్లూ, వారి విశ్వవిద్యాలయాల పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: నేను ఒహాయోలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టరులో ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, జెనెటిక్స్ మూడింటినీ ల్యాబ్‌లతో సహా తీసుకున్నాను. వీటికి తోడు స్టాటిస్టిక్స్, సోషియాలజీ ఉన్నాయి. మొత్తం 18 క్రెడిట్లు. ఇవి కాక వారానికి ఆసుపత్రిలో 4 గంటలు వాలంటీరుగా, ఒక ప్రొఫెసరు గారి పరిశోధనాగారంలో 8 గంటలు, లైబ్రరీలో 10 గంటలు పనిచేస్తున్నాను. మొదటి ఏడాది నాలుగుకు 3.8 జీపీఏ (గ్రేడ్ల సగటు) వచ్చింది. ఇప్పుడు ఆర్గానిక్ మొదటి మిడ్‌టర్మ్‌లో నూటికి 58 వచ్చాయి. నోట్సు మూడుసార్లు చదివాను. నా స్నేహితులందరూ ఇంతే తీసుకున్నారు. నాకు తెలివి చాలడం లేదా, కష్టపడటం చాలడం లేదా? (విద్యార్థిని, ఒహాయో)

జవాబు: మీరు రాసిన అంకెలనే ముందు కూడి చూద్దాం. అయిదు సబ్జెక్టులకు వారానికి 15 గంటల పాఠాలు. ల్యాబ్‌కు ఇచ్చే క్రెడిట్ ఒకటే గానీ అక్కడ నిలబడవలసింది మూడు గంటలు, కాబట్టి మూడు ల్యాబ్‌లకు 9 గంటలు. ఒక గంట పాఠానికి బయట రెండు గంటల చదువు ఉండాలన్న అంచనాతోనే అమెరికన్ విశ్వవిద్యాలయాలు క్రెడిట్‌ను నిర్ణయిస్తాయి గనుక దానికి 30 గంటలు. ల్యాబ్ రిపోర్టులకు ఒక్కోదానికి రెండు గంటలే వేసినా మరో 6. ఇప్పటికి 60 అయింది. ఆసుపత్రి, పరిశోధన, లైబ్రరీ కలిపి 22. మొత్తం 82. వారానికి ఉన్నవి 168 గంటలు. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నిద్రకు 56, తిండికీ స్నానానికీ రాకపోకలకూ రోజుకు మూడు గంటల చొప్పున 21 తీసేస్తే మిగిలేవి 91. అంటే ఒక్కసారి కూడా జలుబు చేయకుండా, బస్సు తప్పకుండా, ఎవరితోనూ కూర్చుని కబుర్లు చెప్పకుండా గడిపితే మీ చేతిలో వారానికి 9 గంటలు ఉంటాయి. రెండు మూడు మిడ్‌టర్మ్‌లు ఒకే వారంలో పడ్డాయంటే ఆ తొమ్మిదీ పోయి, మిగతా లోటంతా నిద్రలోంచి తీయవలసి వస్తుంది. మీ ఉత్తరంలో తెలివి లోపం గానీ బద్ధకం గానీ నాకు కనిపించలేదు. ఆగస్టులో కోర్సులు నమోదు చేసుకునేటప్పుడు ఈ కూడిక వేసుకోకపోవడం ఒక్కటే కనిపించింది.

మన ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఈ కూడిక ఎందుకు వేసుకోరో నాకు తెలుసు. నేను గుంటూరులో బైపీసీ చదివి ఎంసెట్ రాసిన తరం మనిషిని. ఫస్టియర్‌లో యూనిట్ టెస్టులు పోయినా, కామెర్లు వచ్చి రెండు నెలలు కాలేజీకి వెళ్ళకపోయినా, చివరి పరీక్షలో ర్యాంకు వస్తే అవన్నీ కొట్టుకుపోయేవి. ఇప్పటి నీట్ కూడా అంతే: 180 ప్రశ్నలు, 720 మార్కులు, ఒక మధ్యాహ్నం. అటువంటి పద్ధతిలో అన్నింటినీ ఒకేసారి నెత్తిన వేసుకుని, నిద్ర మానుకుని రుద్దడానికి ఒక అర్థం ఉంది. (నాకు మెడిసిన్ సీటు రాలేదు, అందుకే ఇవాళ కెమిస్ట్రీ పాఠాలు చెబుతున్నాను. అది వేరే కథ.) అమెరికాలో మొదటి సెమిస్టరు మొదటి కోర్సు నుంచి ప్రతి గ్రేడూ పద్దులోకి ఎక్కుతుంది, ఎక్కినది ఇక దిగదు. మెడికల్ స్కూళ్ళకు ఉమ్మడిగా దరఖాస్తులు స్వీకరించే ఆమ్‌కాస్ అనే వ్యవస్థ మొత్తం జీపీఏతో పాటు బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కోర్సులకు మాత్రమే మరో జీపీఏ విడిగా కట్టి పంపుతుంది. 2023లో ఎండీ కోర్సులకు (అక్కడ వైద్య విద్యలో మొదటి పట్టా పేరే ఎండీ) దాదాపు 52,500 మంది దరఖాస్తు చేస్తే 23,000 మంది చేరగలిగారు. చేరినవారి సగటు జీపీఏ 3.77 దరిదాపుల్లో ఉంది. అక్కడ ఒక సెమిస్టరులో మూడు కఠినమైన కోర్సులు తీసుకుని మూడింటిలోనూ ‘బి’ తెచ్చుకున్న సాహసానికి అదనపు మార్కులేమీ ఉండవు. అవే కోర్సులను రెండేళ్ళకు సర్దుకుని ‘ఎ’లు తెచ్చుకున్నవారిని తక్కువగా చూసేవారూ ఉండరు.

కనుక ఈ సెమిస్టరులో ఫిజిక్స్ వదిలేయండి. దాంతో 14 క్రెడిట్లు మిగులుతాయి, పూర్తికాల విద్యార్థిగా ఉండడానికి కావలసిన 12 కంటే ఇది ఎక్కువే. వారానికి మీకు దొరికేవి కూడా సరిగ్గా 14 గంటలు: పాఠం 3, ల్యాబ్ 3, చదువు 6, రిపోర్టు 2. జెనెటిక్స్‌ను ఎందుకు వదలవద్దంటున్నానంటే, అది మీకు బాగానే సాగుతున్నట్టు ఉత్తరం ధోరణిని బట్టి అనిపిస్తోంది, పైగా తరువాతి బయాలజీ కోర్సులకు దాని అవసరం ఉంటుంది. ఫిజిక్స్‌ను మూడో సంవత్సరానికి జరిపితే తరువాతి మెట్లేవీ ఆగిపోవు. మెడికల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 230 ప్రశ్నలుంటాయి, విరామాలతో కలిపి ఏడున్నర గంటల పరీక్ష. అందులో రసాయన, భౌతిక శాస్త్రాల భాగంలో ఫిజిక్స్‌ది నాలుగో వంతు, బయోకెమిస్ట్రీది మరో నాలుగో వంతు, జనరల్ కెమిస్ట్రీది 30 శాతం, పిల్లలందరూ గుండెలు బాదుకునే ఆర్గానిక్‌ది 15 శాతం మాత్రమే. జీవశాస్త్ర భాగంలోనూ బయోకెమిస్ట్రీకి నాలుగో వంతు ఉంది. అంటే ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ ఈ రెండూ పరీక్షకు ముందటి ఏడాదిలో, బుర్రలో పచ్చిగా ఉండగా పడటమే మంచిది. అలా చేస్తే మీరు ఎంక్యాట్‌ను మూడో సంవత్సరం ముగిసిన వేసవి చివరలో రాసి, నాలుగో సంవత్సరం మేలో దరఖాస్తు తెరచుకున్నప్పుడు పంపుతారు. మెడికల్ స్కూల్లో చేరడానికి ముందు ఒక ఏడాది ఖాళీ వస్తుంది. ఆ మాట ఇంట్లో చెప్పడానికి భయపడుతున్నారేమో. ఈ రోజుల్లో అక్కడ మెడికల్ స్కూళ్ళలో చేరుతున్నవారిలో సగం కంటే ఎక్కువ మంది అలా కనీసం ఒక ఏడాది ఆగి వచ్చినవారే.

ఒక సంగతి మీరు రాయలేదు: ఆ మిడ్‌టర్మ్‌లో తరగతి సగటు ఎంత? ఆర్గానిక్‌లో సగటు 55 దగ్గర ఆగడం కొత్త కాదు, అప్పుడు మీ 58 ‘బి’ కావచ్చు. సగటు 75 అయితే కథ వేరు. ఇది తెలియకుండా 58ని చూసి ఏడవడం ఇంటర్ మార్కుల అలవాటు. ముందు సిలబస్ పత్రంలో గ్రేడు ఎలా వేస్తారో చదవండి, అందులో ఫైనల్ పరీక్ష వాటా ఎంతో చూడండి.

ఇక చదివే తీరు. ‘నోట్సు మూడుసార్లు చదివాను’ అన్న వాక్యం దగ్గర నేను పెన్సిలుతో గీత గీశాను. 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీ చదివారు, మరికొందరు చదవడం ఆపి, గుర్తున్నంత వరకు కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే రాసినవారు స్పష్టంగా ముందున్నారు. మళ్ళీ చదివినప్పుడు పాఠం పరిచయమైన ముఖంలా కనిపిస్తుంది, దాన్నే మనం ‘వచ్చేసింది’ అనుకుంటాం. ఆర్గానిక్‌లో ఈ భ్రమ మరీ ప్రమాదం, ఎందుకంటే పరీక్షలో వచ్చే అణువు నోట్సులో ఉన్న అణువు కాదు. ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఒక ఆల్కైల్ హాలైడు, ఒక కారకం, ఒక ద్రావణి రాయండి. ఇక్కడ రసాయన చర్య ఏ దారిలో నడుస్తుంది, ఎస్ఎన్1 జరుగుతుందా, ఎస్ఎన్2 జరుగుతుందా, ఇ1, ఇ2లలో ఏదైనానా అన్నది నోట్సు చూడకుండా తేల్చి, ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడికి చేరుతున్నాయో బాణాలు గీయండి. తప్పు గీసినప్పుడు ఎందుకు తప్పిందో పక్కన ఒక వాక్యం రాయండి. ఇలాంటివి రోజుకు పది చేస్తే, మూడోసారి నోట్సు చదివే సమయం కంటే తక్కువలోనే అయిపోతాయి.

మన పిల్లల్లో నేను గమనించిన మరో అలవాటు, ఆఫీస్ అవర్స్‌కు, అంటే సందేహాలు అడగడానికి ప్రొఫెసర్లు కేటాయించే సమయానికి, రాకపోవడం. మంగళవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నా గది తలుపు తెరిచి టీ తాగుతూ ఒక్కదాన్నే కూర్చుంటాను. మిడ్‌టర్మ్ ముందు రోజు మాత్రం వరండా పెళ్ళి పందిరిలా ఉంటుంది. తెలియదని ఒప్పుకోవడం చిన్నతనం అనే భావనతో ఇరవై ఏళ్ళు పెరిగినవారికి ఇది కష్టమే, నాకూ కష్టంగానే ఉండేది. ఒంటరిగా వెళ్ళలేకపోతే మీ విశ్వవిద్యాలయంలో ‘సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్’ ఉందేమో కనుక్కోండి. ఇది 1973లో మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ ప్రాంగణంలో మొదలైన పద్ధతి. అదే కోర్సు నిరుడు బాగా చదివిన సీనియరు మళ్ళీ తరగతిలో కూర్చుని, వారానికి రెండు మూడు సార్లు జూనియర్ల చేత లెక్కలు చేయిస్తారు. కఠినమైన కోర్సుకే దాన్ని పెడతారు గాని బలహీనమైన విద్యార్థులకని కాదు, కాబట్టి అక్కడ తల దించుకోవలసిన పనేమీ లేదు.

స్నేహితుల మాటకొస్తే, వారిలో కొందరు హైస్కూల్లోనే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాసి క్రెడిట్లు తెచ్చుకుని ఉంటారు, కొందరికి పది గంటల ఉద్యోగం ఉండదు, కొందరు తమ మిడ్‌టర్మ్ మార్కు మీకు చెప్పి ఉండరు.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో మూడో సంవత్సరం ప్రీ-మెడ్. ఫిజిక్స్ రెండో భాగం నుంచి విత్‌డ్రా అవుతానంటున్నాడు, అంటే కోర్సును మధ్యలో వదిలేస్తాడట. ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల పత్రం) మీద విత్‌డ్రా అయినట్టు ‘డబ్ల్యూ’ పడితే జీవితాంతం మచ్చ అని మావారు అంటున్నారు. ‘సి’ వచ్చినా సరే ముగించమని, తరువాత మళ్ళీ రాసి ‘ఎ’ తెచ్చుకుంటే పాతది పోతుందని ఆయన ఉద్దేశం. విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసి మార్కులు అడిగితే చెప్పలేమన్నారు. ఫీజు కట్టేది మేము కదా? (ఒక తల్లి, న్యూజెర్సీ)

జవాబు: పాతది పోదమ్మా. మీవారి ఆలోచనలో తేడా కొట్టేది అక్కడే. చాలా విశ్వవిద్యాలయాలు మళ్ళీ రాసిన కోర్సుకు కొత్త గ్రేడును మాత్రమే తమ జీపీఏలో చూపుతాయి, అందువల్ల ఆ నమ్మకం పుట్టింది. ఆమ్‌కాస్ మాత్రం పాత ‘సి’నీ కొత్త ‘ఎ’నీ రెండింటినీ కలిపి తన లెక్క తాను కడుతుంది. మీ అబ్బాయికి ఇప్పటిదాకా 60 క్రెడిట్లకు 3.7 ఉందనుకుందాం. నాలుగు క్రెడిట్ల ఫిజిక్స్‌లో ‘సి’ వస్తే అది 3.59కి దిగుతుంది. మళ్ళీ 3.7కి రావాలంటే ఆ తరువాత వరుసగా 23 క్రెడిట్లలో ఒక్క ‘ఎ’ మైనస్ కూడా లేకుండా అన్నీ ‘ఎ’లే రావాలి. అంటే ఒక సెమిస్టరున్నర పాటు పొరపాటు చేయకూడదు. ‘డబ్ల్యూ’ జీపీఏను ఒక్క వందో వంతు కూడా కదపదు. అది కనిపిస్తుంది, నిజమే. ఒకటి కనిపిస్తే ఎవరూ పెద్దగా అడగరు, అడిగినా ఒక వాక్యంలో చెప్పవచ్చు. నాలుగైదు ఉంటే, అవి కూడా ప్రతి కఠినమైన కోర్సు దగ్గరా ఉంటే, అప్పుడు ప్రశ్న వస్తుంది.

అయితే విత్‌డ్రా కావడమే మంచిదని నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను, ఎందుకంటే మీ ఉత్తరంలో అతనికి ఇప్పుడు ఎంత వచ్చిందో లేదు. ఇంకా సగం కంటే ఎక్కువ మార్కులు మిగిలి ఉండి, ‘బి ప్లస్’కు అవకాశం కనిపిస్తుంటే ఉండిపోవచ్చు. ఫైనల్‌లో 95 వస్తే తప్ప ‘బి’ రాని పరిస్థితి అయితే, గత రెండు పరీక్షల్లో వచ్చినవి అరవైలైతే, ఆ 95 మీద ఆశ పెట్టుకోవడం లాటరీ టికెట్ కొనడమే. విత్‌డ్రా అయితే మిగిలే క్రెడిట్లు 12కు తగ్గకూడదు, తగ్గితే స్కాలర్‌షిప్‌లకూ ఆర్థిక సహాయానికీ ఇబ్బంది రావచ్చు. గడువు తేదీ క్యాలెండరులో ఉంటుంది, అది దాటితే ఈ చర్చంతా వృథా. మళ్ళీ ఆ కోర్సును ఎప్పుడు తీసుకుంటాడో సంతకం చేసేలోపే రాసి పెట్టుకోవాలి. వేసవిలో కానివ్వచ్చు అనుకుంటే ఒక హెచ్చరిక: పదిహేను వారాల పాఠాన్ని అక్కడ ఆరు వారాల్లో చెబుతారు. వేసవిలో అదొక్కటే పెట్టుకునే పక్షంలోనే అది తేలిక.

ఫోన్ సంగతి. 1974 నాటి ఫెర్పా అనే చట్టం ప్రకారం విద్యార్థి కళాశాలలో చేరాక అతని రికార్డుల మీద హక్కు అతనిదే, తల్లిదండ్రులది కాదు. పన్ను లెక్కల్లో మీ మీద ఆధారపడినవాడిగా చూపిస్తుంటే చెప్పడానికి విశ్వవిద్యాలయానికి చట్టం వీలు కల్పిస్తుంది గానీ, చెప్పి తీరాలని లేదు. ఆ మినహాయింపు పట్టుకుని రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ తిరగడం కంటే అబ్బాయినే అడగడం నయం. మరో మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. కోర్సు మునిగిపోయాక నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది గడువు తేదీ దాటాకే వస్తారు. ఎందుకింత ఆలస్యం అంటే, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక అంటారు. మీవాడు గడువుకు ముందే మీకు చెప్పాడు. ఆ తలుపు మూసుకోకుండా చూసుకోండి.

ప్రశ్న: మేము హెచ్-1బి మీద డాలస్‌లో ఉన్నాం. మా అమ్మాయి మా మీద ఆధారపడినవారికిచ్చే హెచ్-4 వీసా మీద ఇక్కడే పెరిగింది, ఇప్పుడు ప్రీ-మెడ్ మొదటి సంవత్సరం. గ్రీన్ కార్డు క్యూ కదలడం లేదు. రెండున్నరేళ్ళలో ఆమెకు 21 నిండుతాయి. ఆలోపే డిగ్రీ ముగించేస్తే మంచిదని సెమిస్టరుకు 20 క్రెడిట్లు, ప్రతి వేసవీ కోర్సులు పెట్టించాం. బాగా అలసిపోతోంది. మేము చేస్తున్నది సరైనదేనా? (ఒక తండ్రి, టెక్సస్)

జవాబు: మీ కంగారు అర్థమైంది గానీ, మీరు పరుగెత్తిస్తున్న దిక్కున గమ్యం లేదండీ. 21 నిండగానే ఆమె హెచ్-4 ఆధారిత హోదా పోతుంది. డిగ్రీ అప్పటికి పూర్తయిందా, సగంలో ఉందా అన్నదానితో దానికి సంబంధం లేదు. హోదా మార్చుకోవాలి, సాధారణంగా విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కి. ఆ దరఖాస్తు పుట్టినరోజుకు చాలా ముందే వెళ్ళాలి. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం కింద వయసును లెక్కించే పద్ధతి ఒకటుంది. మీ దరఖాస్తు తేదీలకు అది వర్తిస్తుందో లేదో ఇమిగ్రేషన్ న్యాయవాది మాత్రమే కాగితాలు చూసి చెప్పగలరు. ఈ నెలలోనే కలవండి.

చదువు సంగతి మాత్రం నేను చెప్పగలను. ఆమె డిగ్రీ మూడేళ్ళలో ముగించినా, నాలుగేళ్ళలో ముగించినా, మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేసే రోజున చూసేది ఆమె హోదానే. అమెరికాలోని మెడికల్ స్కూళ్ళలో చాలా వాటిలో, ముఖ్యంగా ప్రభుత్వ స్కూళ్ళలో, పౌరులకూ శాశ్వత నివాసులకూ తప్ప ప్రవేశం లేదు. విదేశీ విద్యార్థులను తీసుకునేవి కొన్నే, అవి కూడా కొద్ది సీట్లకే తీసుకుంటాయి. కొన్ని చోట్ల నాలుగేళ్ళ ఖర్చుకు డబ్బు ఉన్నట్టు ముందే చూపమంటారు. ఎఫ్-1 మీద ఉన్నవారికి ఫెడరల్ విద్యారుణాలు రావు. ఏ స్కూలు ఎవరిని తీసుకుంటుందో అమెరికన్ మెడికల్ కళాశాలల సంఘం ఏటా ఎంఎస్ఏఆర్ అనే జాబితాలో ప్రచురిస్తుంది. దాన్ని తీసుకుని అటువంటి స్కూళ్ళు ఎన్ని ఉన్నాయో మీరిద్దరూ ఒక ఆదివారం కూర్చుని గుర్తు పెట్టండి. గుర్తు పెట్టాక మీకే తెలుస్తుంది: ఆ కొద్ది సీట్లకు పోటీపడే అమ్మాయికి మామూలు కంటే మెరుగైన గ్రేడ్లు కావాలి. మీరు 20 క్రెడిట్లతో అరగదీస్తున్నది సరిగ్గా ఆ గ్రేడ్లనే. ఆమెకు కావలసింది 14, 15 క్రెడిట్ల సెమిస్టర్లు, కోర్సులు లేని కనీసం ఒక వేసవి.

వేరే దారులనూ ఇప్పుడే చూసి పెట్టుకోవడంలో తప్పు లేదు. ఇండియాలో ఎంబీబీఎస్‌కు నీట్ రాయాలి, అది ప్రీ-మెడ్‌తో పాటు పక్కన పెట్టుకుని చేసే పని కాదు. ఆ ఆలోచన ఉంటే రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆమెను అడిగారా? మీ ఉత్తరంలో ‘పెట్టించాం’ అన్న క్రియ చూసి ఈ ప్రశ్న వేస్తున్నాను.

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా మనవరాలు అమెరికాలో నార్త్ కరోలినాలో డాక్టరు చదువుతోందని వీధిలో అందరికీ చెప్పాను. ఇప్పుడు నాలుగేళ్ళు చదివినా డాక్టరు కాదని, అసలు చదువు ఆ తరువాత మొదలవుతుందని అంటున్నారు. ఇక్కడ ఇంటర్ కాగానే ఎంబీబీఎస్‌లో చేరుతున్నారు కదా, అక్కడ ఎందుకు అలా? ఫోన్ చేస్తే ఎప్పుడూ ‘చదువుకుంటున్నాను తాతయ్యా’ అని పెట్టేస్తుంది. దూరం నుంచి మేము చేయగలిగింది ఏమైనా ఉందా? (తాతగారు, తెనాలి)

జవాబు: మాస్టారూ, వీధిలో మీరు చెప్పింది మరీ అబద్ధమేమీ కాదు, కొంచెం ముందుగా చెప్పారంతే. మన దగ్గర బైపీసీ తరువాత నాలుగున్నరేళ్ళ ఎంబీబీఎస్, ఏడాది హౌస్ సర్జన్సీ. అక్కడ నాలుగేళ్ళ డిగ్రీ, ఆపైన నాలుగేళ్ళ మెడికల్ స్కూలు, ఆ తరువాత ఎంచుకున్న విభాగాన్ని బట్టి మూడు నుంచి ఏడేళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ. ప్రీ-మెడ్ అనే పేరుతో డిగ్రీ పట్టా ఉండదు. బయాలజీ చదివినా, చరిత్ర చదివినా, సంగీతం చదివినా, మెడికల్ స్కూళ్ళు అడిగే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు పూర్తిచేస్తే చాలు.

ఎందుకు అలా అంటే, వందేళ్ళ కిందట అక్కడ వైద్య విద్య చాలా అధ్వాన్నంగా ఉండేది. ఫీజు కడితే చేర్చుకునే ప్రైవేటు స్కూళ్ళు వీధికొకటి ఉండేవి, ప్రయోగశాల లేనివి కూడా వాటిలో ఉన్నాయి. 1893లో బాల్టిమోర్‌లో మొదలైన జాన్స్ హాప్‌కిన్స్ మెడికల్ స్కూలు మాత్రం డిగ్రీ ఉన్నవారినే తీసుకుంటానని నియమం పెట్టింది. ఆ తరువాత అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన, ఆయన వైద్యుడు కాదు, మీలాగే ఉపాధ్యాయుడు, కార్నెగీ ఫౌండేషన్ తరఫున అమెరికా, కెనడాలలోని 155 మెడికల్ స్కూళ్ళను పరిశీలించి 1910లో ఒక నివేదిక రాశారు. జాన్స్ హాప్‌కిన్స్‌ను నమూనాగా చూపి, సైన్సు పునాది లేనివారిని వైద్య విద్యలో చేర్చుకోకూడదన్నారు. దాని ధాటికి చాలా స్కూళ్ళు మూతబడ్డాయి. అందులో నల్లజాతివారి స్కూళ్ళు ఎక్కువ భాగం పోయాయన్న విమర్శ కూడా ఉంది, అది న్యాయమైన విమర్శే. మీ మనవరాలు ఇవాళ కుస్తీ పడుతున్న కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సుల జాబితా చాలావరకు ఆ కాలం నుంచే వస్తోంది.

మీరు చేయగలిగింది ఉంది, అది మీకు బాగా వచ్చిన పనే. ఫోన్‌లో ‘మార్కులెన్ని, ర్యాంకెంత, ఎప్పుడు డాక్టరువవుతావు’ అని అడగకండి. ‘ఈ వారం నీకు అర్థమైనదేదైనా ఒకటి నాకు పాఠం చెప్పు, తెలుగులోనే చెప్పు’ అనండి. ముప్పై ఏళ్ళు కిరణజన్య సంయోగక్రియ చెప్పిన మనిషికి మైటోకాండ్రియాలో ఏం జరుగుతుందో ఇంగ్లీషు మాటల సాయం లేకుండా వివరించాలంటే ఆమె పుస్తకం మూసి ఆలోచించక తప్పదు. ఒహాయో అమ్మాయికి పైన చెప్పిన తెల్ల కాగితం పద్ధతి ఇదే, ఇక్కడ కాగితం బదులు మీరుంటారు. మీకు అర్థం కానిచోట ఆపి, పాత అలవాటు ప్రకారం ‘ఎందుకు?’ అని అడగండి. ఆమె తడబడితే మీరు చెప్పేయకండి, వచ్చే వారానికి చూసి రమ్మనండి. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి, ఆమే మాట్లాడతానంటే తప్ప.

సమయం ఆదివారం అయితే బాగుంటుంది. ఆమెకు ఉదయం తొమ్మిది గంటలంటే తెనాలిలో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలను గంట వెనక్కి తిప్పుకుంటారు గనుక, అప్పటి నుంచి మార్చి దాకా మీరు ఏడున్నరకు చేయాలి.